పసుపు కింద దాగిన మచ్చలు

గృహవైద్యాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా ఒక మూలికను ఎన్నుకొని, దాని గుణాలను వివరించి, వాడవలసిన విధానాన్ని తెలియజేసి ముగిస్తారు. ఇరుగుపొరుగు వారు అడిగినప్పుడు నేనూ ఇన్నేళ్ళుగా అదే పద్ధతిలో చెప్పుతూ వచ్చినాను. ఈసారి మాత్రం నా చేతి మీదుగా జరిగిన ఒక పొరపాటును పాఠకుల ముందు ఉంచదలచినాను. అది పసుపుతో జరిగిన పొరపాటు. పసుపు పండే ఊరిలో పుట్టి పెరిగినవాడిని కనుక, దానిని ఒప్పుకొనడానికి నాకు కొంత కాలం పట్టినది.

మాది నిజామాబాదు జిల్లా ఏర్గట్ల. 2016లో మండల కేంద్రమైనది. అంతకు ముందు మోర్తాడు మండలంలో ఉండేది. ఆర్మూరు ప్రాంతమంతా పసుపు నేల. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం ఉన్నది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులోనే ప్రారంభమైనది. తొలకరికి నాటిన దుంప ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండి, సంక్రాంతి దాటిన తరువాత బయటికి వస్తుంది. తవ్వడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, డోలులో వేసి మెరుగు పెట్టడం, ఇంత పని ఉగాది దాకా సాగుతూనే ఉంటుంది. ఆ రోజులలో మా ఊరిలో వాకిళ్ళు, గోనె సంచులు, పిల్లల అరికాళ్ళు, కుక్కల పాదాలు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. వేలు తెగితే పసుపు, గొంతు పట్టుకుంటే పాలలో పసుపు, పశువు కాలికి దెబ్బ తగిలితే పసుపు, నూనె. ఈ నమ్మకాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. అది చాలావరకు నిజమైన నమ్మకమే.

మా ఇంటి కుక్క పేరు పండు. జాతి కుక్క కాదు, నాటు కుక్కే. ఒళ్ళు గోధుమ వన్నె, పొట్ట కింద వెంట్రుకలు పలుచగా ఉండి చర్మం కనిపిస్తుంది. పోయిన ఫాల్గుణ మాసంలో ఒకనాటి సాయంత్రం అది వసారాలో వెల్లకిలా పడుకొని ఉండగా మా ఇంటావిడ పిలిచినది.

"ఏమండి, దీని కడుపు మీద ఇవేం చుక్కలు? ఎర్రగ గుండుపిన్ను తలకాయలంత ఉన్నయి."

వెళ్ళి చూసినాను. తొడల లోపలి వైపున, పొట్ట మీద ఇరవై ముప్పై దాకా చిన్న చుక్కలు. రెండు మూడు చోట్ల చుక్కలన్నీ కలిసి రూపాయి బిళ్ళంత మచ్చగా మారినవి. కుక్క వాటిని గోక్కోవడం లేదు, నాకుకోవడం లేదు. ఈ ఒక్క విషయమే నన్ను ఆలోచింపజేయవలసినది. గజ్జి అయితే గోకుతుంది, చీమ కుట్టినా నాకుతుంది. నేను ఆలోచించలేదు. "కల్లంల వేడికి పేలినయి, పసుపు వేపనూనె కలిపి రాస్త" అన్నాను. ఇంటిలో దంచిన పసుపు, గానుగలో పట్టించిన వేపనూనె, రెండూ అటక మీద ఉండనే ఉన్నవి. ముద్దగా కలిపి దట్టంగా పట్టించినాను.

మరునాడు చూస్తే మచ్చలు కనబడలేదు. తరువాతి రోజు మళ్ళీ పట్టించినాను, అప్పుడూ కనబడలేదు. తగ్గుతున్నవని సంతోషించినాను. పాఠకులకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. పొట్ట అంతా పచ్చగా ఉంటే ఎరుపు ఎక్కడ కనబడుతుంది? తెల్లబట్టకు అంటితే ఎన్ని ఉతుకులకైనా పోని రంగు అది. నాలుగు రోజుల పాటు నేను రోగానికి మందు వేయలేదు, రోగానికి రంగు వేసినాను.

ఐదవ రోజు పండు గిన్నె దగ్గరికి రాలేదు. పెరుగన్నం పెట్టినా వాసన చూసి వెనుదిరిగినది. పక్కింటి పెద్దమనిషి వచ్చి, "సారూ, పసుపుతోటి తగ్గకుంటే ట్రాక్టరుల తీసేసిన పాత నూనె రాయుండ్రి. మా కుక్కకు నేను గదే రాసిన, ఒక్కసారికే పోయింది" అన్నాడు. ఆయన ప్రేమతోనే చెప్పినాడు. ఎందుకో ఆ మాట నాకు సరిపడలేదు, రాయలేదు. ఆ రాత్రి కుక్క ఒకసారి తుమ్మినది. పొద్దున లేచి చూస్తే వసారా బండల మీద నెత్తుటి చుక్కలు, దాని ముక్కు ఒక పక్క ఎండిన రక్తం.

పట్నంలోని పశువైద్యుని వద్దకు ఆటోలో తీసుకొనిపోయినాము. ఆయన కుక్కను బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట వైపు చూసి, నా వైపు చూసినాడు.

"పసుపు రాసిండ్రా?"

"అవును సారు. మచ్చలుంటే..."

"ఎన్ని రోజులైంది మచ్చలు వచ్చి? మొదట ఎన్ని ఉండె? పెరిగినయా, తగ్గినయా?"

ఒక్క ప్రశ్నకు కూడా సరైన సమాధానం చెప్పలేకపోయినాను. ఆయన కోప్పడలేదు. పైపెదవి ఎత్తి చిగురు చూపించినాడు. పాలిపోయిన చిగురు మీద అవే ఎర్ర చుక్కలు. అక్కడ నా పసుపు చేరలేదు కనుక అవి స్పష్టంగా ఉన్నవి. తరువాత తడి దూదితో పొట్ట మీద కొంతమేర తుడిచి, ఒక గాజు పలకను మచ్చ మీద నొక్కి పెట్టి నన్ను చూడమన్నాడు. మామూలు దద్దు అయితే నొక్కినప్పుడు ఎరుపు వెలిసిపోతుంది, ఎందుకంటే ఆ రక్తం నాళాలలోనే ఉండి పక్కకు జరుగుతుంది. ఈ మచ్చ వెలిసిపోలేదు. నాళాల నుండి బయటికి కారి చర్మం కింద నిలిచిన రక్తం అది. చర్మరోగమే కాదు.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు ఇరవై ఎనిమిది వేలు ఉన్నవి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సుమారు రెండు లక్షలకు తగ్గకుండా ఉండవలెను. డెంగ్యూ వచ్చిన ఇళ్ళలో ప్లేట్‌లెట్ అనే మాట ఎంత భయపెడుతుందో మన పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. పండుకు వచ్చినది డెంగ్యూ కాదు, గోమారి కాటు వల్ల వచ్చే జ్వరం. పిడుదు అని కొన్ని ప్రాంతాలలో పిలిచే ఆ పురుగునే మా వైపు గోమారి అంటారు. కుక్కలను పట్టే గోధుమరంగు గోమారి తన కాటుతో ఎర్లీకియా అనే సూక్ష్మక్రిమిని రక్తంలోకి ఎక్కిస్తుంది. ఆ క్రిమి తెల్లకణాలలో చేరి పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు నశిస్తాయి. కాటు పడిన ఒకటి నుండి మూడు వారాల లోపల జ్వరం, నీరసం కనిపిస్తాయి. కొన్ని కుక్కలలో అంతటితో తగ్గినట్టే ఉండి, నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏండ్ల తరబడి లోపల దాగి ఉండి, తరువాత ఎముకల మూలుగను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది.

ఇది కొత్త రోగమేమీ కాదు. 1935లో అల్జీరియాలో శాస్త్రవేత్తలు దీనిని మొదట గుర్తించినారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యపు కుక్కలు పెద్ద సంఖ్యలో ముక్కుల నుండి రక్తం కారి చనిపోయినప్పుడు లోకం దృష్టి దీని మీద పడినది. జర్మన్ షెపర్డు జాతికి ఇది మరింత తీవ్రంగా వస్తుంది. మనకు కొత్త కాదు కాని, మనం దీనికి పేరు పెట్టుకోలేదు. పేరు లేని రోగానికి మా ఊళ్ళలో 'గాలి సోకింది' అనో 'వేడి చేసింది' అనో చెప్పుకొని ఊరుకుంటాము.

వైద్యుడు డాక్సీసైక్లిన్ మాత్రలు వ్రాసి, నాలుగు వారాలు తప్పకుండా వేయాలని, ఖాళీ కడుపున వేయరాదని, మధ్యలో కుక్క హుషారుగా తిరిగినా మానరాదని చెప్పినాడు. మూడవ రోజుకే పండు అన్నం ముట్టినది. పది రోజులకు కోళ్ళను తరమడం మొదలుపెట్టినది. అప్పుడు నిజంగానే మాత్రలు ఆపివేద్దామనిపించినది. ఎంతైనా అది అల్లోపతి మందు, తగ్గిన తరువాత ఎందుకు అనే పాత ఆలోచన. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. క్యాలెండరు మీద రోజూ గీత పెట్టి ఇరవై ఎనిమిది గీతలు పూర్తి చేసినది.

ఇక్కడ ఒక మాట వ్రాయడానికి మనసు రావడం లేదు, అయినా వ్రాస్తాను. పండుకు ముందు మా ఇంట జిమ్మి అనే కుక్క ఉండేది. దానికి కూడా చివరి రోజులలో పొట్ట మీద మచ్చలు వచ్చినవి, అన్నం మానినది, ముక్కు వెంట రక్తం వచ్చినది. ఎండదెబ్బ అనుకొన్నాము. సబ్జా నీళ్ళు తాగించి, తలకు తడిబట్ట వేసి, వేపాకు పరచి పడుకోబెట్టినాము. నాలుగవ నాడు పోయినది. పరీక్ష చేయించలేదు కనుక దాని రోగం ఫలానా అని ఇప్పుడు చెప్పలేను. పండు చిగురు చూసిన క్షణాన మాత్రం నాకు జిమ్మియే గుర్తుకు వచ్చినది.

ఇంటికి వచ్చి పాత పుస్తకాలు తీసినాను. చరకసంహితలో కుష్ఠాన్ని పోగొట్టే పది ద్రవ్యాలలో హరిద్ర, అంటే పసుపు, ఒకటి. విషాన్ని హరించే పది ద్రవ్యాలలోనూ అది ఉన్నది. కుష్ఠమనగా అక్కడ చర్మరోగాలన్నీ వస్తాయి. అంతవరకు నా చేతికి శాస్త్రబలం ఉన్నట్టే. కాని అదే గ్రంథం రోగాన్ని ముందు పరీక్షించి, ఆ తరువాతనే ఔషధాన్ని ఆలోచించమని చెప్పుతున్నది. అంతకంటె ముఖ్యంగా, రక్తపిత్తమని ఒక వ్యాధిని వేరే ప్రకరణంలో వివరిస్తున్నది. రక్తం పైమార్గాన వస్తే సాధ్యమనీ, కింది మార్గాన వస్తే కష్టంతో నిలుపదగినదనీ, రెండు మార్గాలా వెడలి రోమకూపాల నుండి కూడా వెలువడితే అసాధ్యమనీ విభజించినది. అంటే చర్మం ద్వారా రక్తం కనబడడాన్ని మన పూర్వులు లేపనంతో పోయే మచ్చగా భావించలేదు. ప్రాణాపాయంగా లెక్కించినారు. ఏనుగులకు పాలకాప్యుని పేరిట, గుర్రాలకు శాలిహోత్రుని పేరిట ప్రత్యేక వైద్యశాస్త్రాలను నిర్మించుకొన్న దేశం మనది. ఆ శాస్త్రాన్ని వదిలివేసి, అందులోని పసుపును మాత్రం చేతిలో పట్టుకొని తిరుగుతున్నాము. గృహవైద్యం మీద బయటివారు వేసే నిందలలో సగానికి మన ఈ తొందరపాటే కారణమని నా అభిప్రాయం.

పసుపు, వేప పనికిరావని నేను అనడం లేదు. 1992లో తమిళనాడులో ఎనిమిది వందల మందికి పైగా గజ్జి రోగులకు వేపాకు, పసుపు కలిపి నూరిన ముద్దను పట్టించి చూసినప్పుడు, నూటికి తొంబై ఏడుగురికి మూడు నుండి పదిహేను రోజులలో తగ్గినదని ప్రకటించినారు. 1995లో అమెరికాలో పసుపుతో గాయం మాన్పే పద్ధతికి పేటెంటు తీసుకొన్నప్పుడు, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి పోరాడి, 1997లో దానిని రద్దు చేయించినది. ఆనాడు ప్రతి పసుపు రైతూ గర్వించినాడు. అయితే తమిళనాడులో పరీక్షించినది గజ్జికి, అదీ మనుషులకు. పేటెంటు వివాదం గాయాన్ని గురించినది. నా కుక్కకు ఉన్నది గజ్జీ కాదు, గాయమూ కాదు.

కుక్క చర్మం మన చర్మం వంటిది కాదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. మన చర్మపు పైపొరలో పదికి పైగా కణాల వరుసలు ఉంటే, దానికి మూడు నుండి ఐదు వరుసలే. మనది కొంచెం ఆమ్లగుణం కలిగినది, దానిది అంతగా కాదు. వెంట్రుకలు ఉన్నవి కదా మందమైన చర్మమే అనుకొంటాము గాని, ఆ వెంట్రుకల కిందిది పసిపిల్లల చర్మం కంటె సున్నితం. పైగా మనం పూసిన ప్రతి పదార్థాన్నీ అది నాకి కడుపులోకి పంపుకొంటుంది. ఇంటి పసుపైతే వాంతితో పోతుందేమో. రంగు కోసం సీసపు క్రోమేటు కలిపిన అంగడి పొడి అయితే? కర్పూరం కలిపిన నూనె నాకితే మూర్ఛలు వస్తాయి. కిరోసిను చర్మాన్ని కాల్చుతుంది, నాకినప్పుడు ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇంజనులో మాడిన నూనె సంగతి ఇక చెప్పనే అక్కరలేదు. పక్కింటి వారి కుక్క బ్రతికి ఉన్నదంటే అది ఆ కుక్క గట్టితనం, నూనె గొప్పతనం కాదు. జ్వరంగా ఉన్నదని మనం వేసుకొనే నొప్పిమాత్రలను వేసేవారూ ఉన్నారు. రక్తం కారుతున్న కుక్కకు అటువంటి మాత్రలు కొన్ని ఆ రక్తస్రావాన్ని ఇంకా పెంచుతాయి.

అన్ని మచ్చలూ భయపడవలసినవి కావు. వయసు మీరిన కుక్క పొట్ట మీద చదునుగా, దురద లేకుండా, పెరగకుండా ఉండే నల్లమచ్చలు మన ముఖాల మీద పుట్టుమచ్చల వంటివే. గుండ్రంగా వెంట్రుకలు రాలి అంచున పొట్టు లేస్తే తామర కావచ్చును. అది పిల్లలకు అంటుకొనేది కనుక కుక్కను ఒళ్ళో పెట్టుకోనీయరాదు. చెవుల అంచులు, మోచేతులు గట్టిపడి, కుక్క రాత్రింబవళ్ళు గోకుతూ ఉంటే గజ్జి. దాని దురద ఇంటివారికీ కొంతకాలం పట్టుకుంటుంది. ఇంకొక రకం గజ్జి కళ్ళ చుట్టూ, ముంగాళ్ళ మీద వెంట్రుకలు రాల్చుతుంది గాని దురద తక్కువ. ఈ రెండింటి పురుగులూ కంటికి కనబడవు, చర్మాన్ని గీకి సూక్ష్మదర్శిని కింద చూడవలసినదే. చూడకుండా పేరు చెప్పేవాడు వైద్యుడైనా సరే, వేరొకరిని అడగడం మంచిది. నొక్కితే వెలిసిపోని ఎర్రచుక్కలు, చిగుళ్ళ మీద చుక్కలు, ముక్కు నుండి రక్తం, పాలిపోయిన చిగుళ్ళు, వీటిలో ఏది కనబడినా ఆ రోజే బయలుదేరవలెను. మా వైపు వారికి కోరుట్లలో పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉన్నది. గాజు పలక లేకపోతే పలుచని గాజు గ్లాసు అడుగుతో నొక్కి చూడవచ్చును, ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు.

గోమార్ల సంగతి వేరుగా చెప్పుకోవలసినది. కుక్క ఒంటి మీద నాలుగు ఏరి పారవేస్తే పని అయిపోయినట్టు కాదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్కను వదిలి, గోడ పగుళ్ళలోకి, తలుపు చట్రాల సందులలోకి పోయి వేల గుడ్లు పెడుతుంది. మా ఇంటిలో అవి గోనె సంచుల దొంతర వెనుక, గోడ పెచ్చు ఊడిన చోట దొరికినవి. ఆ సందులను సిమెంటుతో పూడ్పించి, సంచులు ఎండలో వేయించి, వైద్యుడు చెప్పిన మందును నెలనెలా కుక్క మెడ మీద వేస్తున్నాము. వేపనూనె వాసనకు గోమార్లు కొంత దూరంగా ఉంటాయని ఇప్పటికీ నమ్ముతాను, వాకిలి మూలల్లో చల్లుతాను. కుక్కకు పూయను.

సంపాదకులకు ఒక మనవి. మన పత్రికలలో ప్రతి చిట్కా కిందా ఎంత మోతాదు, ఎన్ని పూటలు అని వేస్తున్నారు. ఏ లక్షణం ఉంటే ఆ చిట్కా వాడరాదో, ఎన్ని రోజులకు గుణం కనబడకపోతే వైద్యుని వద్దకు పోవలెనో ఆ పక్కనే రెండు వాక్యాలు వేయండి. లేపనం పూసే ముందు మచ్చలను లెక్కించి కాగితం మీద వ్రాసుకొమ్మని చెప్పండి. ఇప్పుడు ఇళ్ళన్నింటిలో సెల్‌ఫోన్లు ఉన్నవి, ఫోటో తీసి ఉంచుకొమ్మనండి. రంగు గల మందులు, అంటే పసుపు, కాటుక, ఇటుకపొడి వంటివి, వైద్యునికి చూపించక ముందు పూయవద్దని వేరుగా అచ్చు వేయండి. చోటు సరిపోదంటే చిట్కాలు రెండు తగ్గించినా పాఠకులకు నష్టం లేదు.

పండు ఇప్పుడు బాగున్నది. మూడు నెలల తరువాత మళ్ళీ రక్తం చూపిస్తే ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటినవి. పొట్ట మీద నేను పూసిన పసుపు పూర్తిగా పోవడానికి మాత్రం శ్రావణం వచ్చినది. ఇప్పుడు ఆదివారం పొద్దున మా ఇంటావిడ దానిని వసారాలో ఎండ పడే చోట వెల్లకిలా పడుకోబెట్టి, చెవుల వెనుక, కాలివేళ్ళ మధ్య వెదుకుతుంది. నేను పెదవి ఎత్తి చిగురు చూస్తాను. కుక్కకు ఇది బొత్తిగా ఇష్టం లేదు.